చెక్క బిళ్ళ

“మా అమ్మాయికి ఏడో నెల. షిఫ్టులో మూడోసారి బాత్రూంకి వెళ్ళిందని బట్టల ఫ్యాక్టరీలో పనిలోంచి తీసేశారమ్మా. ఇక మీ సంఘమే దిక్కు.”

మహిళా సంఘం అధ్యక్షురాలు తలెత్తింది. ముప్పై ఏళ్ళ కిందట, అదే ఫ్యాక్టరీలో, ఆమె కుట్టుమిషన్ పక్కన నిలబడి గడియారం చూసిన సూపర్‌వైజర్ ఇప్పుడు ఎదురుగా ఒదిగి కూర్చున్నాడు.

“కేసు వేస్తాం. మీరే సాక్షి.”

“నేనేం చూశానని?”

ఆమె సొరుగులోంచి అరిగిన చెక్క బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది.

“అరవై మంది ఆడవాళ్ళకి ఒకటే బిళ్ళ. ఇది చేతిలో ఉంటేనే బాత్రూంకి. ఆ రూలు పెట్టిందెవరు? ‘ఆ చొక్కా పూర్తయ్యాక వెళ్ళు’ అని, నేను కూర్చున్నచోటే చీర తడుపుకుంటే నవ్విందెవరు? అన్నీ రాయండి.”

“సమ్మె చేసి గెలిచారుగా! ఆ పాత గొడవ ఇప్పుడెందుకమ్మా?”

“మేం బిళ్ళ తీయించాం. రూలు మాత్రం మీ అమ్మాయి దాకా వచ్చింది. అలాంటిదేమీ లేదంటాడు యజమాని. ఉందని చెప్పగలిగిన లోపలి మనిషి మీరే.”

అతను కాసేపు బిళ్ళనే చూసి పెన్ను అందుకున్నాడు. రెండో పేజీ సగంలో ఇబ్బందిగా కదిలాడు.

“బాత్రూం ఎక్కడమ్మా?”

ఆమె బిళ్ళను తన వైపు జరుపుకుంది.

“ఆ పేజీ పూర్తయ్యాక వెళ్ళండి, సార్.”