ముందు వరస, నడిమి కుర్చీ

దయారత్నం పుట్టి అరవై ఏడేళ్లు. ఇంతవరకు ఒక్క తప్పూ చేయలేదు. ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు, అతనే చెప్పాలి.

"ఓసారి నన్ను తీసుకుని తప్పు రైలెక్కి బర్దమాన్‌లో తేలాడొదినా," అంది అతని భార్య డోర్కాస్, పక్కింటి అరుణకుమారితో. "తప్పు ఎవరిదన్నాడనుకున్నావు? రైలుదంట!"

"అన్నయ్య రైల్వేలోనే కదా చేసినారు?"

"అందుకే మరి. రైలు మీద అంత చనువు."

ఇద్దరూ హౌరా పక్కన లిలువా రైల్వే కాలనీ మైదానంలో కూర్చున్నారు. వేదిక మీద కాలనీ బ్యాండు బాకాల్లోని తడి విదిలించుకుంటోంది. ఏటా ఫాల్గుణంలో జరిగే వసంత కచేరీ. ప్రవేశం ఉచితం. అయినా సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చలిగాలి తగులుతుందని ఇంకా మంకీ క్యాపులు తీయని బెంగాలీ పెద్దమనుషులు.

డోర్కాస్ మాత్రం ఎప్పట్లాగే విసనకర్ర తెచ్చుకుంది. ఎర్రగుడ్డతో అంచు కుట్టిన పెద్ద తాటాకు విసనకర్ర.

"ఇంత చల్లగా ఉంటే ఇదేటి వదినా?"

"ఆయన్ని చూస్తే నాకు ఉడుకెత్తుతాది."

దయారత్నం ఆ బ్యాండుకి మాస్టారు; ముందు నిలబడి కర్ర ఊపి తాళం చూపిస్తే మిగతావాళ్లు వాయిస్తారు. ఒకప్పుడు ముప్ఫై మందితో వాయించిన బ్యాండు. బదిలీలకు కొందరు, రిటైర్మెంట్లకు కొందరు, సమాధుల తోటకు కొందరు పోగా తొమ్మిది మంది మిగిలారు. రెండేళ్లుగా మాస్టారి కుడిచెయ్యి వణుకుతోంది. టీ గ్లాసు సగమే నింపి ఇవ్వాలి. ఇది పెరగడమే గాని తగ్గదని డాక్టరు చెప్పాడు. డాక్టరుదే తప్పన్నాడు దయారత్నం.

మొన్న క్రిస్మస్‌కి మార్చింగ్ పాట సగంలో బ్యాండు చెల్లాచెదురైంది. బాకాలొక దారి, డ్రమ్మొక దారి. డోర్కాస్‌కి ఆ రోజు జ్వరం. ఇంట్లో పడుకుని, ఆ పరువుతక్కువ చూడకుండా బతికిపోయింది.

కాలనీ కమిటీ సెక్రటరీ అప్పలసూరి అప్పుడే తేల్చేశాడు. "వసంత కచేరీ దాకా చూస్తాం మాస్టారూ. మళ్లీ ఇలాగే అయితే మీ చెయ్యి పనికిరాదనే లెక్క. బ్యాండు మూసీసి వాయిద్యాలు అమ్మీడమే."

ఇంకో మాస్టారు దొరకడు. వెతికారు కూడా.

పెళ్లయిన కొత్తలో డోర్కాస్ డ్రమ్ము వాయిస్తానంది. "నీకు తాళం రాదు," అన్నాడు దయారత్నం, బ్యాండంతా వింటుండగా. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కాని ఈమధ్య అతను ముందుగదిలో చెయ్యి ఊపుతూ సాధన చేస్తుంటే వంటింట్లోంచి కేకేస్తుంది.

"ఇది మెల్లగానా, గబగబానా?"

"నీకెందుకు?"

"కుక్కరు ఎప్పుడు దించాలో తెలియొద్దూ?"

ట్రంపెట్ వాయించే ఎరిక్ వేదిక దిగి వచ్చాడు. "ఆంటీ, అక్కడ కూకున్నారేటి? ముందు వరసలో నడిమి కుర్చీ మీకే ఉంచాను." మాస్టారి భార్యకు ఆ మర్యాద ఎప్పుడూ ఉంది. ఇద్దరూ లేచి ముందుకు వెళ్లారు.

డోర్కాస్ విసురుకుంటూ కూర్చుంది. మొదటి పాట బాగానే సాగింది. అప్పలసూరి చేతులు కట్టుకుని మాస్టారి చేతినే చూస్తున్నాడు.

రెండోది స్తుతి పాట. సగంలో ఒక పెద్దమనిషి వచ్చి డోర్కాస్‌కి అడ్డంగా నిలబడి, ఫోన్లో వీడియో తీయసాగాడు. డ్రమ్ము వెనకబడింది. బాకాలు ముందుకు పరిగెత్తాయి.

"అయిపోయింది," అంది అరుణకుమారి నీరసంగా.

డోర్కాస్ విసనకర్ర కాడతో ఆ మనిషి వీపు పొడిచింది. "ఓ దాదా, బోషున్ నా! కూకోండి! డబ్బులిచ్చి రాకపోయినా నా మొగుడు నాకు కనపడాలి కదా!"

అతను నాలిక కరుచుకుని కూర్చున్నాడు. పాట ఎలాగో దారిలో పడింది.

చివరిది బెంగాలీల కోసం ఒక వసంత గీతం. రెండో చరణంలో దయారత్నం చేతిలోని కర్ర జారిపోయింది. దొర్లుకుంటూ వేదిక కిందికి పోయింది. అతను వంగాడు. అందలేదు. ఉత్తచెయ్యి ఎత్తబోతే అది భుజం దాకా కూడా లేవలేదు.

బ్యాండు ఆగలేదు. ఒక్క స్వరం తప్పలేదు.

చెయ్యి వేలాడేసుకుని నిలబడ్డాడు దయారత్నం. పాట హాయిగా సాగిపోతోంది. ఎదురుగా తొమ్మిది మంది. ఒక్కరూ అతన్ని చూడటం లేదు. అందరి చూపూ అతని భుజం మీదుగా ఎటో పోతోంది.

అతను మెల్లగా వెనక్కి తిరిగాడు. పాట ముగిసేదాకా అటే చూస్తూ ఉండిపోయాడు.

చప్పట్లు మోగాయి. అప్పలసూరి వేదికెక్కాడు. "కర్ర లేకుండానే నడిపించీసినారు మాస్టారూ! పాట తప్పలేదంటే మీ చెయ్యి బాగానే ఉన్నట్టు లెక్క. ఇంకో ఏడాది మీరే నడపండి."

దయారత్నం తన చేతికేసి చూసుకున్నాడు. అది వణుకుతూనే ఉంది. ఇక ఆగదు.

"డాక్టరు చెప్పింది నిజమే సూరీ. ఈ చెయ్యి అయిపోయింది," అన్నాడు.

దయారత్నం ఎడంచేత్తో మైకు అందుకుని, ముందు వరసకేసి తిరిగాడు.

"తప్పు నాదే డోర్కాసూ, నీకు తాళం రాదన్నాను గాని, ఈ రెండేళ్లూ వీళ్లు వాయించింది నా చెయ్యి చూసి కాదు, నీ విసనకర్ర చూసి."