తుమ్మెద కొరికిన పగ్గం

ఎండాకాలంలో ఇద్దరు బాటసారులు అడవిలో ఏటి ఒడ్డున విడిది చేశారు. వాళ్లకు రెండు గుర్రాలు. తుమ్మెద ముసలిది, కెంపు పడుచుది. రెండింటినీ ఒకే మద్దిచెట్టుకు కట్టి, పొయ్యి రాజేసి వండుకు తిన్నారు. నిప్పు ఆర్పకుండానే స్నానానికి ఏట్లోకి దిగారు.

"గాలి లేస్తోంది. ఆ నిప్పును చూస్తే భయంగా ఉంది," అంది తుమ్మెద.

"నీకన్నీ భయాలే అవ్వా! మనల్ని చూసుకోవడానికి వాళ్లు లేరూ?" అని నవ్వింది కెంపు.

అంతలో నిప్పురవ్వ ఎగిరి ఎండుగడ్డిలో పడింది. మంట చెట్ల దాకా పాకింది. బాటసారులు అది చూసి అవతలి ఒడ్డుకు ఈదుకుపోయారు. కెంపు వాళ్ల కోసం అరుస్తూ, గుంజుకుంటూ, మెడ తిప్పలేనంతగా పగ్గం బిగించుకుంది.

తుమ్మెదకు మిగిలినవి నాలుగే పళ్లు. అది మెడ చాచి కెంపు పగ్గాన్ని కొరకసాగింది.

"ముందు నీది కొరుక్కో అవ్వా!"

"కదలకు నాయనా."

పగ్గం తెగేసరికి చెట్టు అంటుకుంది.

"నీది నేను కొరుకుతాను," అంది కెంపు ఏడుస్తూ.

"ఆగితే ఇద్దరం పోతాం. పరుగెత్తు!"

కెంపు ఏరు దాటింది. అవతలి ఒడ్డున బాటసారుల్లో ఒకడు, దాని యజమాని, దాని మెడ నిమిరాడు.

"శభాష్! పగ్గం తెంచుకుని నా కోసం వచ్చేశావు. ముసలిది చేతకాక ఉండిపోయింది."

కాదని చెప్పాలని కెంపు నోరు తెరిచింది. అతనికి సకిలింపే వినిపించింది.

"పాపం, ఆకలి కాబోలు," అంటూ గుప్పెడు గడ్డి పెరికి దాని నోటికి అందించాడు.