చేపల డబ్బాలో కాలివేళ్ళు

"ఇవి కొండ మీద తవ్వినవే. పద, బండెక్కు," అన్నాడు ఖాకీ చొక్కా మనిషి.

సెబీనా అవ్వ గడప దగ్గరే ఆగిపోయింది. వాకిట్లో బల్ల నిండా చేపల డబ్బాలు, వాటిలో ఆవిడ పెంచిన 'కాలివేళ్ళు'. చేపలు తిన్నది ఊరంతా, డబ్బాలు దాచుకున్నది ఆవిడొక్కతే. రెండేసి లావు ఆకులు అతుక్కుని, పసిపిల్లల వేళ్ళలా మట్టిలోంచి తొంగిచూసే మొక్కలవి. దొంగలు తవ్వుకెళ్ళి వేలకు అమ్ముకుంటారని, దక్షిణాఫ్రికాలోని ఈ నమక్వాలాండ్ కొండల్లో వాటిని తవ్వితే జైలే.

"విత్తనం వేసి పెంచానయ్యా! ఎనిమిదేళ్ళయింది."

"ఎవరికి చెప్తావు? పెంచిన మొక్క నీళ్ళు తాగి నున్నగా ఉబ్బి ఉంటుంది. ఇవి చూడు, బక్కచిక్కి, ఒళ్ళంతా మచ్చలు. అచ్చం కొండవే."

"నీళ్ళెక్కువైతే కుళ్ళిపోతాయయ్యా. ఎండాకాలం నిద్రపోతాయి, చుక్క కూడా పొయ్యను. చలికాలం పొగమంచే వాటికి నీళ్ళు. కొండ మీద ఎలా బతుకుతాయో అలాగే పెంచా."

"పాఠం బాగా వల్లించావు. స్ప్రింగ్‌బాక్ టౌను కోర్టులో కూడా ఇదే చెప్పు. మూడేళ్ళు ఖాయం."

మూడేళ్ళు! డెబ్బై రెండేళ్ళ మనిషికి ఆ తర్వాత ఇంకేం మిగులుతుంది?  అవ్వ గబుక్కున ఒక డబ్బా బోర్లించింది. మట్టి డబ్బా ఆకారంలోనే గడ్డగా ఊడిపడింది. వేర్లు అంచుల వెంట గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి.

"చూడండయ్యా! కొండరాళ్ళ మధ్య పెరిగిన వేరు ఇలా చుట్టుకుంటుందా?"

అతని మొహం వాడిపోయింది. గడ్డను బల్ల మీద పడేశాడు.

"సరే, ఇవి నీవే. మరి కొండ మీదవి? వాటిని ముట్టుకోలేదని రుజువేంటి?"

కొండ మీద అవి పెరిగే చోటు ఊళ్ళో ముగ్గురికే తెలుసు. అల్లుళ్ళకు కూడా చెప్పరు. సెబీనాకు వాళ్ళమ్మ చెవిలో చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. జైలు పేరు వినగానే ఆ ఒట్టు కాస్తా గాలికిపోయింది.

"మీరే వెళ్ళి లెక్కపెట్టుకోండయ్యా! తెల్లరాళ్ళ గుట్ట వెనక, వంగిన కోకర్ చెట్టు కింద. మా అమ్మ చూపించినవి చూపించినట్టే ఉన్నాయి. ఒక్కటి పెరికిన గుంట కనబడినా నన్ను జైల్లో పెట్టండి!"

అతను నవ్వాడు. మొదటిసారి ఆవిడను "అవ్వా" అని పిలిచాడు.

"భయపడకవ్వా. నీ మాట నమ్ముతున్నా."

బండి దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. అవ్వ గడప మీద కూలబడి, బతికిపోయానని భోరున ఏడ్చింది. పక్కింటి ద్రీకా కంచె మీంచి తొంగిచూసింది.

"ఏంటక్కా, వాడు నీ దగ్గరికీ వచ్చాడా?"

"ఆఫీసరు లేవే. నిజం చెప్పేసరికి వదిలేశాడు."

"ఆఫీసరా? పొద్దున మా ఇంట్లో గునపం అడిగి పట్టుకెళ్ళాడు. అప్పుడు ఒంటి మీద ఈ ఖాకీ చొక్కా లేదే!"