అద్దాల బీరువాలోని గిటార్

సంగీత వాయిద్యాల షాపులో నేను చౌకరకం బేస్ గిటార్ మీద చెయ్యి వేశానో లేదో, మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాగేసింది.

"అదేం ఖర్మండీ! ఆ అద్దాల బీరువాలో ఉన్నదే తీసుకోండి. పాతది ఇక్కడే ఇచ్చేద్దాం."

నా కళ్ళు చెమర్చాయి. ఆరేళ్ళుగా నా వాయింపుకి వంటింట్లో గిన్నెలు గలగలలాడుతున్నా పల్లెత్తు మాట అనని ఇల్లాలు! బిల్లు చూసి నాకే గుండె దడదడలాడింది. ఆవిడ మాత్రం, "దీనికో మఖమల్ పెట్టె కూడా ఇవ్వండి, తాళంతో సహా" అంది.

పది రోజులయింది. రోజూ పొద్దున్నే పెట్టె తెరుస్తాను, మెత్తటి గుడ్డతో గిటార్ తుడుస్తాను, మూసేస్తాను. వాయిస్తే గీత పడదూ? పెళ్ళికి కొన్న బూట్లే ఇంకా అట్టపెట్టెలోంచి తీయలేదు నేను!

ఇవాళ కింది వాటావిడ మెట్ల మీద మా ఆవిడతో మొరపెట్టుకుంటోంది. "మా ఆయన డ్రమ్ములు కొంటానంటున్నారు వదినా! ఏం చెయ్యను?"

మా ఆవిడ గొంతు తగ్గించింది.

"మావారి బూట్లు చూశాకే నాకు తట్టింది. షాపులో అన్నిటికన్నా ఖరీదైనవి కొనిపించు. ఇక మధ్యాహ్నం పూట హాయిగా కునుకు తియ్యి."