మూడో వరస

“మా ఆయన మొఖమేది?”

భాగీరథి ఫొటోను కౌంటరు మీద పడేసి అడిగింది. మరమగ్గాల పేట భేస్తాన్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ నెలలో సగం షట్టరు దించుకుని కూర్చున్న స్టూడియో రాజమౌళి ఫొటోలోకి వంగి చూశాడు. రెండేళ్ల కిందట తనే తీసిన, వాళ్ల చుట్టాల పెళ్లి ఫొటో. పెళ్లికూతురి ముక్కుపుడక రాయితో సహా మెరుస్తోంది. మూడో వరసలో నిలబడ్డ సోమలింగం ముఖం మాత్రం తడిచేత్తో తుడిచేసినట్టుంది.

“ఎల్లుండి దినాలన్నా. దండెయ్యనీకె పటం కావాలె. జర సాఫ్ చేసి పెద్దగ చెయ్యి.”

“వేరే ఫొటో లేదా చెల్లె?”

“ఫోను, ఆధార్ కార్డు ఆయన ఎంబడే దవాఖానకు పోయినయ్. మల్ల రాలె. ఆయనను మూటగట్టి సీదా కాటికి తీస్కపొయిన్రు. ఆఖరికి మొఖం గూడ చూపియ్యలె. నాకున్నది గిదొక్కటే.”

రాజమౌళి పాపం అబద్ధమాడలేని మనిషి. కెమెరా తీసి లెన్సు చూపించాడు.

“లోపట గీ కంత సూడు. దీన్ని పెద్దగ తెరిస్తె ఒక్క వరసే సాఫ్ వస్తది, ఎనకటోళ్లు మసకైతరు. చిన్నగ జేస్తె అందరొస్తరు.”

“చిన్నగ జేస్తె నీదేం పోయింది?”

“హాల్ల ఎల్తురు తక్కువుండె. ఇగ, పెళ్లికూతురొక్కతే మెరవాలంటరు జనం. తెరిచి తీసుడే అలవాటైంది. తప్పు నాదే.”

“సాంచాల మీద బట్ట నేసేటోని మొఖం ఎవలు జూస్తరనుకున్నవ్.”

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. లెన్సుకు మూత పెట్టాడు.

“కంప్యూటర్ల సరిజేస్తరట గద?” ఈసారి ఆమె గొంతు తగ్గింది.

“కెమెరాల పడనిది ఏడికెల్లి తెస్తం? కండ్లు, ముక్కు నేను గీస్తె ఆయన నీ పెనిమిటి గాడు.”

అయినా ఫొటోను తెరమీద పెట్టాడు. పెద్దది చేస్తే ముఖం పొగలా విడిపోయింది. చిన్నది చేశాడు. ఇంకా చిన్నది చేశాడు. తపాలా బిళ్లంతయ్యేసరికి ఉన్నట్టుండి సోమలింగం కనిపించాడు, ఓ పక్కకు నవ్వుతూ.

“గిట్లనే నవ్వుతడు,” అంది భాగీరథి. ఆమె దుఃఖం ఆగలేదు.

“గింతే సైజుల ఇస్త చెల్లె. జరంత పెద్దగ జేసినా మల్ల పోతడు.”

ఆమె కళ్లు తుడుచుకుని మండిపడింది. “ఇరవై ఏండ్లు కాపురం జేసిన మనిషిని బిళ్లంత జేసి గోడకు పెట్టుమంటవా? నీ ఇంట్లైతె పెట్టుకుంటవా?”

రాజమౌళి లేచాడు. వెనక గది పరదా పక్కకు లాగాడు.

గోడకు పెద్ద ఫ్రేము, దానికి ఇంకా వాడని బంతిపూల దండ. లోపల తెల్లటి అట్ట నడుమ, పదిహేనేళ్లు ప్రతి పెళ్లిలో పెళ్లికూతురి వెనక లైటు పట్టుకుని నిలబడ్డ అతని భార్య పద్మారాణి, తపాలా బిళ్లంత.