వెనక్కి తగ్గిన సేన

“సేనని దింపిన దేశం గెలవకండా ఎనక్కెందుకెళ్తాది మేస్టారూ?”

అడిగాడు పరదేశి. చోడవరం రీడింగ్ రూములో సత్యారావు మేస్టారు పత్రిక మడిచాడు. సూయజ్ కాలువ నుంచి బ్రిటిషు సేన వెళ్లిపోతోందని అందులో ఉంది. బయట మూడో రోజు ముసురు.

“భయమైనా ఉండాలి, లాభమైనా ఉండాలి. పెద్ద దేశం జాలిపడి వెళ్లదు.”

“మరి మన గణపతిరావు బాబో?”

పరదేశికి కావలసింది ఈ జవాబే. గణపతిరావు చెరకు బళ్లు గానుగకు వెళ్తూ పరదేశి వరిచేను తొక్కేస్తున్నాయి. కోతకొచ్చిన చేను. బళ్లకు అడ్డంగా పరదేశి కందకం తవ్వాడు. రేపు పొద్దున్నే మనుషులతో వచ్చి పూడుస్తానని గణపతిరావు కబురు పెట్టాడు. ఆ మనుషుల కర్రలు నూనె పట్టించి ఆయన ఇంటి అటక మీదే ఉంటాయి.

“నువ్వే పూడ్చీరాదూ? తలకాయ మిగుల్తుంది.”

“తలకాయ మిగిలితే సరా? దానికి కూడెవులు పెడతారు?”

తెల్లవారింది. పరదేశి, భార్య నరసమ్మ కందకం ముందు నిలబడ్డారు. మేస్టారుతో సహా ఊరు గట్టు మీద నిలబడింది.

గణపతిరావు వచ్చాడు. చేతిలో తాంబూలం. వెనక భార్య అచ్చియ్యమ్మ. ఆవిడ వెనక ఇద్దరు పాలేర్లు, పరమాన్నం గంగాళం మోసుకుంటూ. ఇంకెవరూ లేరు.

“ఒరే పరదేశీ, నీ కోతలయ్యేదాకా నా బళ్లు రోడ్డంట తిరిగెళ్తాయి. తొక్కినదానికి ధాన్యం కొలిపిస్తాను. సరేనా?”

పరదేశి తాంబూలం అందుకున్నాడు. జనం ఈలలు వేశారు. కుర్రాళ్లు అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

“కర్రలుండీ మాటకొచ్చేరు. ఎందుకండీ?” మేస్టారు అడిగాడు.

గణపతిరావు మీసం దువ్వాడు.

“కర్ర ఎవడైనా ఎత్తుతాడు మేస్టారూ. ఒద్దనుకున్నోడే పెద్దోడు.”

జనం చప్పట్లు కొట్టారు. గంగాళం చుట్టూ ఆకులు పరిచారు. నరసమ్మ పరమాన్నం నోట్లో పెట్టుకుంది.

“ఏటమ్మా, పొగ వాసనే లేదు! ఈ ముసురికి ఊరందరి కట్టెలూ తడిసిపోనాయి. ఇంత గంగాళం ఎలాగ వండేరు?”

అచ్చియ్యమ్మ భర్త వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“అటక మీదివి బాగా మండేయే, ఒక్కటీ మిగల్లేదు.”