రెండో కుక్క

“ఏయ్! ఎవరది? ఆ కుక్కను తీసుకుని అవతలికి పో!”

మలకీ అరుపుకి పొలం దిగువన నడుస్తున్న మనిషి ఆగాడు. పాత కోటు, మోకాళ్లదాకా బురద, చేతిలో తాడు. తాడు చివర చారల లర్చర్ జాతి వేటకుక్క.

“ఒక్క మాట తమ్ముడూ...” అంటూ చెయ్యెత్తాడు.

“నీ మాటలు తర్వాత! నక్క ఈ ముళ్లపొదలోనే ఉంది. నోరు మూసుకుని అక్కడే నిలబడు.”

మలకీకి ముక్కుమీద కోపం. ఆ ఆదివారం పొద్దున్న మరీను. ఐర్లండ్‌లోని రాస్కామన్ కొండవాలుల్లో లర్చర్లు పెంచేవాళ్లందరూ రెండేళ్లుగా అతన్ని ఒకే మాటతో పొడుస్తున్నారు.

“మీ నెల్ పట్టేది సగం నక్కేగా!”

నెల్ అతని ఆడకుక్క. తొమ్మిది నక్కల్ని పట్టింది. కానీ ప్రతిసారీ పక్కన ఇంకో కుక్క ఉంది. ఒకటి మళ్లిస్తే ఇంకోటి పట్టుకుంటుంది, అందులో గొప్పేముంది? ఒంటరిగా పట్టిందే కుక్క. మిగతావన్నీ తిండి దండగ. అదీ వాళ్ల లెక్క.

పొదను కర్రతో బాదుతున్న కాహల్ పెట్టిన షరతూ అదే. కాహల్ మగకుక్క లాంటిది ఆ చుట్టుపక్కల లేదు. నెల్ తన కళ్లముందు ఒంటరిగా నక్కను పడితేనే దానితో జత కట్టిస్తానన్నాడు. నెల్‌కి ఐదో ఏడు నడుస్తోంది. ఇంకా ఆగితే ఈనే వయసు దాటిపోతుంది. దాని పిల్లను ఒక్కదాన్నయినా పెంచుకోవాలని మలకీ ప్రాణం కొట్టుకుంటోంది.

“తమ్ముడూ, ఆ కింద...” ఆ మనిషి మళ్లీ గొంతెత్తాడు.

“నోర్ముయ్యమన్నానా!”

అంతలో పొదలోంచి నక్క దూకింది. దిగువన దడిలో ఉన్న సందుకేసి పరుగు తీసింది. ఆ కొండ మీది నక్కలన్నీ పారిపోయే దారి అదే.

మలకీ నెల్‌ను వదిలాడు.

ఏం పరుగు! నక్కకీ దానికీ మధ్య నాలుగు బారలు. మూడు. రెండు.

“అందుకో తల్లీ! అందుకో!”

“పిలువు! దాన్ని వెనక్కి పిలువు!” కిందనున్న మనిషి రెండు చేతులూ ఊపుతున్నాడు.

ఆ వేగంలో ఉన్న లర్చర్‌ను పిలిచి ఆపిన మొనగాడు ఐర్లండ్‌లో ఇంకా పుట్టలేదు. ఆ సంగతి ఆ మనిషికీ తెలిసినట్టే ఉంది. చేతులు దించాడు. వంగి, తన కుక్క మెడలోని తాడు తీసేశాడు.

చారల కుక్క పక్కనుంచి అడ్డంగా దూసుకొచ్చి, సరిగ్గా సందు ముందు నక్కను మళ్లించింది. నక్క గిర్రున పైకి తిరిగింది. దాని వెంటే నెల్ తిరిగింది. చారల కుక్క మాత్రం ఆ ఊపులో ఆగలేక సందులోని ఎండు తుప్పల్లోకి దూసుకుపోయింది. కుయ్యిమని ఒక్క చప్పుడు. అది వినే తీరిక మలకీకి ఎక్కడిది? అతని కళ్లన్నీ నక్క మీదే ఉన్నాయి. అదేమో కొండరాళ్ల మధ్య దూరి మాయమైంది.

“ఇది లెక్కలోకి రాదు మలకీ,” అన్నాడు కాహల్. “రెండో కుక్క తగిలింది.”

ఒకడు తరుముతున్న నక్క మీదికి ఇంకొకడు కుక్కను వదలడమంటే తింటున్నవాడి ముందునుంచి కంచం లాక్కోవడమే. మలకీ ఒక్క ఉరుకున కిందికి దిగి ఆ మనిషి కాలర్ పట్టుకున్నాడు.

“ఏం పుట్టింది నీకు? ఎవడు వదలమన్నాడు? నీ కుక్క గొప్ప చూపించుకోడానికి నా నక్కే దొరికిందా?”

పట్టుకుని ఒక్క తోపు తోశాడు. ఆ మనిషి బురదలో పడ్డాడు.

“చెప్దామనే వచ్చాను తమ్ముడూ. నువ్వు చెప్పనిస్తేగా.”

“ఇంకా నామీదే పెడుతున్నావా? మళ్లీ ఈ పొలంలో కనిపించావో, నీ కాళ్లూ నీ కుక్క కాళ్లూ కలిపి విరగ్గొడతా!”

 అతను లేచి తుప్పల్లోకి వెళ్లాడు. కాసేపటికి కుక్కను కోటులో చుట్టి, రెండు చేతుల మీద మోసుకుంటూ బయటికొచ్చి రోడ్డు పట్టాడు.

“అంతలోకే అలిసిపోయారా దొరగారు?” వెనకనుంచి అరిచాడు మలకీ.

“వచ్చే ఏడు చూద్దాంలే,” అని కాహల్ నవ్వుతూ వెళ్లిపోయాడు. 

మలకీ నెల్‌ను పట్టుకుని, అడ్డదారిన ఇంటికి పోదామని సందులోకి దిగాడు. కాలికి ఏదో తగులుకుంది. తుప్పలు పక్కకి తోసి చూశాడు.

ముళ్లతీగ. కొత్తది. మూడు వరుసలు, వీణతీగల్లా బిగించి ఉన్నాయి. మధ్య వరుసకి చారల వెంట్రుకలు, ఇంకా ఆరని నెత్తురు. సరిగ్గా నెల్ రొమ్ము ఎత్తున.

 భయం కూడా అతనికి కోపంగానే బయటికొచ్చింది. తిన్నగా పొలం యజమానురాలు డింప్నా ఇంటికెళ్లి తలుపు బాదాడు.

“ఆ సందులో తీగ ఎవరు కట్టమన్నారండీ?”

“నేనే. గొర్రెలు పిల్లలతో సహా రోడ్డెక్కుతుంటే చూస్తూ కూర్చోనా? నా పొలానికి నీ సెలవు కావాలా?”

“నా కుక్క చచ్చుండేది! కట్టినవాడు ఒక్క మాట చెప్పి చావొద్దూ? ఎవడు వాడు? చూపించండి, చేతులు విరిచేస్తా!”

“వాడూ వీడూ అనకు. నిన్న పొద్దుగూకేదాకా ఒక్కడే కట్టాడు పాపం. ఆదివారం మీరక్కడ కుక్కల్ని వదులుతారని నేనన్నానో లేదో, టీ తాగుతున్నవాడల్లా కప్పు కింద పెట్టేశాడు. ‘నాకూ ఉన్నది ఒక్క కుక్కేనండీ, పొద్దున్నే వచ్చి వాళ్లకి చెప్తాను’ అన్నాడు. కనపడలేదా? పాత కోటు, పక్కన చారల కుక్క!”

మలకీ రోడ్డుకేసి చూశాడు.

ఆ సందులో తీగ ఉందని పొద్దున్న ఆ పొలంలో తెలిసింది ఒక్క మనిషికే, తెలిసి తెలిసీ అతను తన కుక్కను వదిలాడు.